కల్లు బండికి మనిషికో రూపాయి

నూరుమంది దాకా ఆడవాళ్ళు ఊరు దాటి వెళ్ళి, ఎదురొచ్చిన కల్లు బండిని ఆపారు. కల్లంతా పారబొయ్యమన్నారు. బండివాడికి చెమటలు పట్టాయి. అప్పుడు వాళ్ళు ఇంకో మాట కూడా అన్నారు: నీకు జరిగే నష్టానికి మనిషికో రూపాయి మేం వేసుకుంటాం.

ఇది నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట సంగతి. ఆ ఊరి ఆడవాళ్ళు కలిసి చెప్పుకున్న కథగా వయోజన విద్య వాచకంలో పాఠమై అచ్చయింది. ఆ తర్వాత జరిగినవన్నీ పెద్ద విషయాలే. సారా వేలం పాటలు ఆగాయి, సారా మీద నిషేధం వచ్చింది, ఒక ఎన్నిక ఆ మాట మీదే నడిచింది. అయినా నా ధ్యాసంతా ఆ రూపాయి మీదే ఉంటుంది. దౌర్జన్యానికి వచ్చినవాళ్ళు నష్టపరిహారం మాట ఎత్తరు. ఎత్తారంటే, తాము చేస్తున్న పనికి తామే జవాబుదారీ అనుకున్నారన్నమాట.

మాట విననివాళ్ళ వల్లే మనుషులు ముందుకు వచ్చారని చాలామంది అంటుంటారు. అంటూనే సోక్రటీసు, గెలీలియో అని రెండు పేర్లు తీస్తారు, అందరూ తలాడిస్తారు. చిక్కేమిటంటే, హెల్మెట్ పెట్టుకోనని మొండికేసేవాడూ మాట విననివాడే. పోలియో చుక్కలు వద్దని తలుపేసుకున్నవాడూ మాట విననివాడే. వాళ్ళ వల్ల లోకం అంగుళం కూడా ముందుకు జరగలేదు. మరి తేడా ఎక్కడుంది? ధైర్యంలో ఉందంటే కుదరదు. హెల్మెట్ లేకుండా హైవే ఎక్కేవాడి ధైర్యం ఎవరికీ తీసిపోదు.

నాకు అర్థమైనంతలో తేడా వేరేచోట ఉంది. అధికారం అంటే ఒక నిలువెత్తు గోడ అనుకుంటాం. నిజానికి అది రకరకాల వాళ్ళు వేరువేరు కాలాల్లో పేర్చిన రాళ్ళ కట్ట. రాయికీ రాయికీ మధ్య సందులుంటాయి. చట్టం ఒకటి చెబుతుంది, కులం ఇంకోటి చెబుతుంది. ఒక శాఖ ఇచ్చిన మాటను పక్క శాఖ తీసేస్తుంది. లోకాన్ని కాస్తయినా జరిపిన ఎదిరింపులు చాలావరకు ఆ సందుల్లో వేలు పెట్టినవే. ఒక ఆజ్ఞను కాదనడానికి ఇంకో ఆజ్ఞను చేతిలో పట్టుకుని నిలబడినవే. మన ఇళ్ళలో తరతరాలుగా ప్రహ్లాదుడి కథ చెప్పుకుంటున్నాం. తండ్రికి ఎదురు చెప్పిన కొడుకు కథ అది. పెద్దలకు ఎదురు చెప్పకూడదని నేర్పే ఇళ్ళలోనే ఆ కథ ఎలా చెల్లిందో ఎప్పుడైనా ఆలోచించారా? అతను మాట విననివాడు కాదు, ఇంకా పెద్దవాడి మాట విన్నవాడు. అందుకే చెల్లింది.

దూబగుంటలో ఆ సందు ఎక్కడ దొరికిందో చూద్దాం.

1980లలో ఆంధ్రప్రదేశ్‌లో సారా వ్యాపారం ఎలా నడిచేదో ముందు తెలియాలి. ఏటా జిల్లాల్లో ఎక్సైజ్ వాళ్ళు పాట పెట్టేవారు. ఎక్కువ పాడినవాడికి ఆ ప్రాంతంలో సారా అమ్ముకునే హక్కు. వారుణి వాహిని అనే అందమైన పేరుతో ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోయించింది. (వారుణి అంటే సంస్కృతంలో మద్యం. ఆ పేరు పెట్టిన అధికారికి సంస్కృతం బాగా వచ్చి ఉండాలి.) సీసా అయితే దుకాణంలో ఉంటుంది, తాగేవాడు నడిచి వెళ్ళాలి. ప్యాకెట్ అలా కాదు. జేబులో పడుతుంది, సంచిలో వేసుకుని ఊళ్ళోకి, చేలోకి, ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్ళొచ్చు. పాటలో పెట్టిన సొమ్ము రాబట్టుకోవాలంటే కాంట్రాక్టరు ప్యాకెట్‌ను మనిషి దగ్గరికి తీసుకెళ్ళక తప్పదు. అటు ప్రభుత్వానికి కూడా అమ్మకం పెరిగితేనే లాభం. 1991-92 నాటికి ఎక్సైజ్ ఆదాయం 800 కోట్లు దాటింది, రాష్ట్ర ఆదాయంలో పదో వంతు దాకా వచ్చింది. ఆ డబ్బంతా కూలి డబ్బుల్లోంచి రావాల్సిందే. మగవాడి కూలి సాయంత్రానికి ప్యాకెట్లయ్యేది. అది చాలకపోతే ఇంట్లో ఉన్న బియ్యం, పప్పు, నెయ్యి, ఏది చేతికి దొరికితే అది అమ్ముడుపోయేది. ఇంటి లెక్క ఆడదాని మెడకు చుట్టుకునేది.

అదే ప్రభుత్వం 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరజ్యోతి మొదలుపెట్టింది. జాతీయ సాక్షరతా ఉద్యమంలో భాగం అది. కలెక్టరు పెద్దగా ఉన్న సాక్షరతా సమితి, జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాల కార్యకర్తలు, ఊరికొకరిద్దరు చదువుకున్న కుర్రాళ్ళు కలిసి ఊరూరా రాత్రి బళ్ళు నడిపారు. పొద్దంతా నాట్లేసి, కలుపు తీసి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టిన ఆడవాళ్ళు పలక పట్టుకుని వచ్చి కూర్చున్నారు.

వయోజనుల వాచకం ఎలా పనిచేస్తుందో చూస్తే అసలు కిటుకు అక్కడే కనిపిస్తుంది. నలభై ఏళ్ళ మనిషిని కూర్చోబెట్టి అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అంటే రెండో రోజు రాదు. అందుకని పాఠం అక్షరంతో మొదలవ్వదు, బొమ్మతో మొదలవుతుంది. బొమ్మలో ఏం జరుగుతోందో అడుగుతారు. మాట్లాడనిస్తారు. ఆ మాటల్లోంచి ఒక పదం తీసి పలక మీద రాస్తారు, తర్వాత దాన్ని అక్షరాలుగా విడగొడతారు. మొత్తం మూడు వాచకాలు, 200 గంటల చదువు. అక్షరం వచ్చేలోపు చర్చ వస్తుంది, అది తప్పదు. బొమ్మలో తాగి పడిపోయిన మగవాడుంటే, ఇతనెందుకు ఇలా ఉన్నాడని టీచరు అడిగితే, ఇరవైమంది ఆడవాళ్ళు ఏం చెబుతారో ఊహించడం కష్టం కాదు. ప్రతి ఒక్కరూ తన ఇంటి సంగతి అనుకున్నది ఇరవై ఇళ్ళ సంగతి అని ఆ గదిలో తెలిసింది. ఏ ఇంటి బాధ ఆ ఇంటి తలరాత అనుకున్నంతకాలం ఎవరినీ అడగడానికి ఉండదు. ఇరవై ఇళ్ళకూ ఒకే తలరాత ఉందంటే, రాసినవాడెవడో కనుక్కోవాలనిపిస్తుంది.

దూబగుంటలో తాగి వచ్చినవాళ్ళు రాత్రి బడినే సాగనివ్వలేదు. బూతులు, గొడవ. ఆడవాళ్ళు ముందు ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళి దుకాణం మూయించమని అడిగారు. కుదరదన్నారు. ఈ వరస గమనించండి. మొదటి అడుగు ఎదిరింపు కాదు, అర్జీ. అర్జీ వెనక్కి వచ్చాకే కల్లు బండి దగ్గరికి నడిచారు. ఆ తర్వాత సారా జీపు వస్తే చుట్టుముట్టి, ఇక్కడ అమ్మితే కలెక్టరుకు చెబుతామన్నారు. జీపు వెనక్కి తిరిగింది.

ఆ సందు ఇక్కడుంది. రెండేళ్ళ క్రితం అయితే కలెక్టరుకు చెబుతామన్న మాటకు జీపువాడు నవ్వి ఉండేవాడు. కూలికి పోయే ఆడదానికి కలెక్టరు ఎవరో, ఎక్కడుంటాడో కూడా తెలియని రోజులు. ఇప్పుడు కలెక్టరు వాళ్ళ బడికి పెద్ద. చదువుకోమన్నదీ ప్రభుత్వమే, తాగమన్నదీ ప్రభుత్వమే. ఒక ఆజ్ఞ నిలబడాలంటే రెండోది పడిపోవాలి. ఆడవాళ్ళు చేసిందల్లా ఆ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టడం. పైగా లైసెన్సు ఉన్నది కాంట్రాక్టరుకు, కాబట్టి చట్టప్రకారం తప్పు చేస్తున్నది ప్యాకెట్లు పారబోస్తున్న ఆడవాళ్ళే. కాని మత్తు పానీయాలను నిషేధించడానికి రాజ్యం పూనుకోవాలని రాజ్యాంగం 47వ అధికరణం ఎప్పటి నుంచో చెబుతూనే ఉంది. అలా చూస్తే మాట విననిది ఎవరో తేల్చడం అంత సులభం కాదు.

ఆ పాఠం పక్క ఊళ్ళకు పాకింది. వాచకం కాబట్టి ప్రభుత్వ ఖర్చుతోనే పాకింది. 1992 నాటికి నెల్లూరు జిల్లాలో ఊరి తర్వాత ఊరు దుకాణాలు మూయించింది. చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని ఆడవాళ్ళు ఊరి మొగదల కాపలా కాశారు. తాగొచ్చిన మొగుడికి అన్నం పెట్టేది లేదన్నారు. నా లెక్కలో మొత్తం ఉద్యమంలో పదునైన ఆయుధం ఆ చివరిదే. పొయ్యి ఒక్కటే తమ చేతిలో ఉన్న అధికారం అయినవాళ్ళు, దాన్నే బయటికి తీశారు.

కొన్ని ఊళ్ళలో తాగినవాళ్ళకు గుండు కొట్టించారు, గాడిదెక్కించి తిప్పారు. ఇది రాయడానికి నాకు అంత ఇష్టం లేదు, కాని దాచడం ఇంకా తప్పు. అలా శిక్ష పడినవాడు కూడా కూలివాడే. పాట పాడిన కాంట్రాక్టరుకు ఎవరూ గుండు కొట్టించలేదు, ఆయన దాకా చేతులు అందవు కదా. చేతికి అందినవాడి మీదే కోపమంతా పోవడం ప్రతి ఎదిరింపుకూ ఉండే జబ్బు. ఈ ఉద్యమం అక్కడే ఆగిపోయి ఉంటే దాని గురించి ఇంత చెప్పుకోవాల్సింది ఏమీ ఉండేది కాదు. అది ఆగలేదు, పాట దగ్గరికి వెళ్ళింది.

పాట అంటే ఒక తేదీ, ఒక హాలు, ఒక గేటు. ఏటా ఆ రోజున అక్కడ అది జరిగితేనే ఆ ఏడాది వ్యాపారం. ఊళ్ళలో వందల దుకాణాల మీద కాపలా కాయడం కన్నా, ఒక్క గేటు దగ్గర కూర్చోవడం మేలు. ఆడవాళ్ళు లారీల్లో, బస్సుల్లో వచ్చి కూర్చున్నారు. నెల్లూరులో పాట పదేపదే వాయిదా పడింది. అప్పటికి పార్టీలు, మహిళా సంఘాలు, పత్రికలు అన్నీ వచ్చి చేరాయి. దూబగుంట నుంచి వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ముఖ్యమంత్రిగా ఉన్న నేదురుమల్లి జనార్దనరెడ్డిదీ నెల్లూరు జిల్లాయే. 1992 అక్టోబరులో ఆయన దిగిపోయారు, అందుకు కారణాలు వేరే. ఆయన తర్వాత కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. సంపూర్ణ మద్య నిషేధం అన్న హామీతో ఎన్టీఆర్ 1994 డిసెంబరులో గెలిచారు. 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఈ సందుల సంగతి దూబగుంటతో మొదలైంది కాదు. నూట పదేళ్ళు వెనక్కి వెళ్తే రాజమహేంద్రవరంలో అదే కనిపిస్తుంది. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం వచ్చింది 1856లో. తెలుగునాట కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. పాతికేళ్ళు ఆ చట్టం కాగితం మీదే ఉంది. ప్రభుత్వం సరేనంది, అయినా ఎవరూ కదల్లేదు, ఎందుకంటే అక్కడ ఏలుతున్నది ప్రభుత్వం కాదు. పెళ్ళి నాడు పోలీసులు కాపలాకు వచ్చారు గాని వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వంట చేసింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బిచ్చాడు. శంకరాచార్య పీఠం నుంచి వెలి వచ్చింది, ప్రాయశ్చిత్తం చేసుకుని వెనక్కి తగ్గినవాళ్ళు తగ్గారు. వీరేశలింగం పంతులు ఇంగ్లీషువాళ్ళ ప్రభుత్వానికి ఎదురు తిరిగిన మనిషి కాదు, తర్వాత రావుబహదూర్ బిరుదు కూడా పుచ్చుకున్నాడు. ఆయన్ని విప్లవకారుడు అనాలా వద్దా అని వాదించుకునేవాళ్ళకు నా జవాబు ఒకటే: ఆయన ఒకరి మాట విని ఇంకొకరి మాట వినలేదు. ఇక ఆ బిందె మోసిన ఆవిడకు ఏ బిరుదూ రాలేదు.

సందు దొరక్కపోతే ఏమవుతుంది? దానికి చీరాల-పేరాల ఉంది.

1919లో ఆ ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేశారు. అంతకుముందు ఏడాదికి 4,000 రూపాయల దాకా కట్టే జనం మీద పన్ను ఒక్కసారిగా 40,000కు ఎగబాకింది. ఎక్కువమంది నేతపనివాళ్ళు, చిన్న రైతులు. మాకు మునిసిపాలిటీ వద్దు మొర్రో అని అర్జీలు పెట్టుకున్నా వినలేదు. పన్ను కట్టనివాళ్ళను జైల్లో పెట్టారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చినప్పుడు రెండు దారులు చెప్పాడు: శాంతంగా పన్ను ఎగ్గొట్టడం, లేదా ఊరే వదిలేసి పోవడం. మునిసిపాలిటీ హద్దు దాటితే మునిసిపల్ పన్నే ఉండదు కదా. ఎడింబరో వెళ్ళి ఎం.ఏ. చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండో దారి పట్టాడు. సుమారు 15,000 జనాభాలో అత్యధికులు సామాను నెత్తిన పెట్టుకుని ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు. పదకొండు నెలలు ఎండకూ వానకూ అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య కూడగట్టిన వాలంటీర్ల దళం, రామదండు, కాపలా.

లోకంలో ఇంత అందమైన మొండితనం అరుదు. కాని అవతలివైపు సందు లేదు. ఏ శాఖా వీళ్ళ మాట తనదనుకోలేదు. గోపాలకృష్ణయ్యను బరంపురంలో పట్టుకుని ఏడాది శిక్ష వేశారు. డబ్బు అయిపోయింది, జనం నెమ్మదిగా ఇళ్ళకు తిరిగొచ్చారు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వాళ్ళు వద్దన్నది ఏమిటి? మునిసిపాలిటీ. కుళాయి, కాలవ, వీధి దీపం తెచ్చే సంస్థ అది, కాగితం మీదనైనా. ఆ రోజు చీరాల వీధిలో నిలబడి ప్రగతి ఎటువైపు ఉందని అడిగితే అధికారి తనవైపే ఉందని ప్రమాణం చేసి ఉండేవాడు. ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. మమ్మల్ని అడక్కుండా మాకు మేలు చేయకండి అన్నది చీరాల వాదన. అదొక కొత్త ఊహ, ఇవాళ గ్రామసభ తీర్మానం లేకుండా ఫలానాది చేయకూడదని చట్టాల్లో రాసుకుంటున్నామంటే ఆ ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాలి. అయినా 1921లో పాకల్లో గడిపినవాళ్ళకు అది ఓటమే. వాళ్ళ ఓటమిని మన గెలుపుగా రాసుకోవడానికి నాకు చేయి రావడం లేదు.

మళ్ళీ నెల్లూరు. సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది. పొరుగు రాష్ట్రాల నుంచి దొంగ సరుకు వస్తోందని, ఖజానా ఖాళీ అయిందని అన్నారు. రెండూ నిజమే. ప్యాకెట్ సారా మాత్రం సర్కారు దుకాణానికి మళ్ళీ రాలేదు. దాని చోటికి చవక విస్కీ, బ్రాందీ వచ్చాయి, ఊళ్ళలోకి బెల్టు షాపులు వచ్చాయి. కాబట్టి అడిగింది దక్కలేదనే చెప్పాలి.

దక్కింది వేరే ఒకటుంది. ఉద్యమం చల్లారుతున్న రోజుల్లో నెల్లూరు జిల్లాలోనే పొదుపు లక్ష్మి మొదలైంది. ఆడవాళ్ళు గుంపులు కట్టి రోజుకో రూపాయి దాచుకోవడం. సారా మానేశాక మిగిలే డబ్బు కదా, మళ్ళీ మగవాడి చేతికి పోకుండా ఒక చోటు కావాలి. కల్లు బండివాడికి ఇస్తామన్న ఆ మనిషికో రూపాయి, ఇప్పుడు రోజుకో రూపాయిగా పుస్తకంలోకి ఎక్కింది. తర్వాత అది డ్వాక్రాతో కలిసి, రాష్ట్రమంతా పాకి, బ్యాంకులు గుమ్మం దగ్గరికి వచ్చి అప్పిచ్చే స్థితికి చేరింది. వేలిముద్ర వేసే చేతులు సంతకం పెట్టాయి. సారా మీద తిరగబడినవాళ్ళలో ఎవరూ బ్యాంకు లింకేజీ కోసం రోడ్డెక్కలేదు. ఎదిరింపు ఫలితం చాలాసార్లు ఇలాగే ఉంటుంది, గురిపెట్టిన చెట్టు పండు కాకుండా పక్క చెట్టు పండు రాలుతుంది.

ఇవతల మద్యం పాలసీ కూడా పాఠం నేర్చుకుంది. ఇప్పుడు పాట లేదు, డ్రా ఉంది. తెలంగాణలో 2023లో 2,620 దుకాణాలకు లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి, ఒక్కోదానికి తిరిగిరాని 2 లక్షల రుసుము. ఒక్క చుక్క అమ్మకుండానే 2,600 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 3,396 దుకాణాలకు దాదాపు 90,000 దరఖాస్తులు, అక్కడా 2 లక్షలే. దరఖాస్తు ఎక్కడినుంచైనా పెట్టొచ్చు. డ్రా కలెక్టరు ఆధ్వర్యంలో జరుగుతుంది. బైఠాయించడానికి గేటు లేదు, ఫిర్యాదు చేయడానికి మిగిలిన పెద్దాయనే చీటీ తీస్తున్నాడు. సందుల్లో సిమెంటు పోశారు.

పోయిన ఏడాది మా పిన్ని వాళ్ళ పొదుపు సంఘం మీటింగులో ఒక మూల కూర్చున్నాను. ఎక్కడి ఊరన్నది అనవసరం. హాజరు, పొదుపు, కంతు అన్నీ అయ్యాక, సంఘం పుస్తకాలు రాసే యానిమేటరు ఫోను చూసి, ఎల్లుండి సభకు బస్సు వస్తుంది, సంఘానికి ఐదుగురు తప్పనిసరి అంది. సారాను ఊళ్ళోకి రానిచ్చేది లేదని మొదలైన దాని మనవరాలు ఇలా తయారైందా అనుకుంటుండగా, గోడకు ఆనుకుని కూర్చున్నావిడ, బస్సు సరేనమ్మా, బడి పక్కన బెల్టు షాపు సంగతి ఏ పుస్తకంలో రాస్తావు అంది.

అది మన అజెండాలో లేదక్కా, మండలంలో అడగాలి అంది యానిమేటరు.

మండలంలో ఎవర్ని అని ఇంకొకావిడ. ఎక్సైజు వాళ్ళు తమ లైసెన్సు కాదంటారు, పోలీసులు ఎక్సైజు పని అంటారు. బడి పక్కన కాబట్టి హెడ్‌మాస్టరు చేత రాయిస్తేనో? కాదు, పిల్లల తల్లుల కమిటీ ఉంది కదా, దాని పేరు మీద పెడితే విద్యాశాఖ కదలాలి. టీ గ్లాసులు వచ్చి చల్లారిపోయేదాకా, ఎవరి మీద ఎవర్ని పంపాలా అనే చర్చే నడిచింది.